సంతృప్తికరంగా సమాధానమిచ్చిన స్టోర్‌కీపర్ గారు

నా మూడేళ్ల శిక్షణ ఒక మంగళవారం ఉదయం బస్సులో పోయింది.

పోయింది శిక్షణ రికార్డు పుస్తకం. సీటు మీద పెట్టాను, నా స్టాపు వచ్చింది, నేను దిగాను, అది దిగలేదు. ఏ వారం ఏ పని నేర్చుకున్నానో అందులో రాసి, చివర మా ఆడిటర్ గారి సంతకం పెట్టించుకుంటేనే నేను శిక్షణ పూర్తిచేసిన అకౌంటెంటును. సంతకం లేకపోతే మూడేళ్లపాటు ఒక ఆఫీసుకు వెళ్లొచ్చిన మనిషిని మాత్రమే. ఆ రోజుకి గడువు ఇంకా మూడు వారాలుంది.

బస్సు డిపోలో, పోయిన వస్తువుల వివరాలు రాసుకునే ఉద్యోగి తలెత్తకుండానే అడిగాడు.

"అందులో ముఖ్యమైనదేమన్నా ఉందా బాబూ?"

"నా మూడేళ్ల శిక్షణ ఉందండి."

"అంటే ఏముంది?"

చాలాసేపు ఆలోచించాను. నా వెనక నిలబడ్డ, గొడుగు పోగొట్టుకున్న పెద్దావిడ గట్టిగా దగ్గింది. ఉద్యోగి ఇక ఆగలేక ఫారం మీద 'పుస్తకం, ఒకటి, విలువ లేదు' అని రాసుకున్నాడు.

మీరైతే బాధపడేవారు. నాకు మాత్రం జ్ఞానోదయమైంది! ట్రైనీలకు ఏమీ నేర్పకుండా మూడేళ్లు భద్రంగా దాచి, చేర్చుకున్నప్పుడు ఎలా ఉన్నారో అలాగే తిరిగి అప్పగించే ఆఫీసులు లోకానికి ఎంత మేలు చేస్తున్నాయో ఎవరూ రాయలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ వ్యాసం.

మీరే ఆలోచించండి. పని నేర్చుకున్నవాడికి తప్పులు కనిపిస్తాయి. తప్పులు కనిపించినవాడికి నిద్రపట్టదు. నేను మూడేళ్లూ హాయిగా నిద్రపోయాను, అందులో కొంత ఆఫీసులోనే. బీపీ లేదు, తలనొప్పి లేదు. ఏ డాక్టరు ఇవ్వగలడు ఇంతకంటే మంచి సర్టిఫికెట్టు?

అసలేమీ నేర్పలేదంటే మా ఆడిటర్ గారికి అన్యాయం చేసినవాణ్ణవుతాను. మూడేళ్లలో మూడుసార్లు నేర్పారు. మొదటి ఏడాది, స్టేపుల్ పిన్ను కాగితానికి ఎడమ మూలన ఏటవాలుగా కొట్టాలని నేర్పారు. రెండో ఏడాది, తలుపు రెండుసార్లు తట్టాలి, మూడోసారి తట్టకూడదని నేర్పారు. మూడో ఏడాది మళ్లీ స్టేపుల్ పిన్ను సంగతే నేర్పారు. ఎందుకంటే నేను కొత్తగా చేరాననుకున్నారు.

ఆయన నన్ను పిలిచేది కూడా నా పేరుతో కాదు, నాకు ముందు పనిచేసిన అబ్బాయి పేరుతో. మొదట్లో సరిదిద్దేవాణ్ణి. ఆ తర్వాత పలకడం మొదలుపెట్టాను. ఇప్పుడు ఇంట్లో అమ్మ నా పేరుతో పిలిస్తే ఒక్క క్షణం ఆలోచించి పలుకుతున్నాను.

పుస్తకం పోయిన సంగతి మా గుమాస్తా గారికి చెప్పాను. ఆఫీసులో ఇరవై ఏళ్లుగా ఉన్నారు. ప్రతి ఫైలూ ఏ అలమారాలో ఉందో కళ్లు మూసుకుని చెప్పగలరు. అందులో ఏముందో మాత్రం కళ్లు తెరిచినా చెప్పలేరు.

"ఇంత చిన్నదానికి ఆ మొహమేంటయ్యా!" అంటూ ఆయన పైఅరలోంచి ఒక జిరాక్సు కట్ట తీసి దుమ్ము దులిపారు. "నీ ముందువాడి రికార్డు. చూసి రాసుకో. వాడు వాడి ముందువాడిది చూసే రాశాడు. నువ్వు పోగొట్టుకున్నది మాత్రం ఎవరిది చూసి రాశావు?"

"నేను సొంతంగా రాశానండి."

"అదీ నీ పొరపాటు."

కొత్త పుస్తకం కొని, ఇంట్లో కూర్చుని రాయడం మొదలుపెట్టాను. నూట యాభై ఆరు వారాలు. చేతికి శ్రమ తప్ప మెదడుకి ఏ ఇబ్బందీ లేదు. నలభై మూడో వారం దగ్గర 'జ్వరం వల్ల సెలవు' అని ఉంది. రాసేశాను. రాశాక అనుమానం వచ్చింది. నాకు జ్వరమెప్పుడొచ్చింది? మర్నాడు గుమాస్తా గారి అలమారాలో వెతికితే పదకొండేళ్ల రికార్డులు దొరికాయి. పదకొండేళ్లుగా మా ఆఫీసులో చేరిన ప్రతి ట్రైనీకీ నలభై మూడో వారంలో జ్వరమే! ఏ అంటువ్యాధీ ఇంత క్రమశిక్షణతో రాలేదు. అన్ని పుస్తకాల చివరా 'శిక్షణ సంతృప్తికరం' అనే మాట, కింద మా ఆడిటర్ సార్ సంతకం.

మా అక్క ఆస్పత్రిలో నర్సు. నేను రాస్తుంటే భుజం మీంచి తొంగి చూసింది.

"ఒరేయ్, నీకు జ్వరమొస్తే ఇల్లంతా ఎత్తి కుదేస్తావు కదా. ఇదెప్పుడొచ్చిందిరా?"

"ఇది ఆఫీసు జ్వరమే అక్కా."

"నాకు మూడో నెల్లోనే సూది చేతికిచ్చి, పక్కన సిస్టరు నిలబడి చేయించింది. మీ సార్ నీ పక్కన ఎప్పుడన్నా నిలబడ్డాడా?"

"లిఫ్టులో ఒకసారి."

"మరి నీకు ఏం వచ్చురా అసలు?"

"టిక్కులు పెట్టడం వచ్చు."

"దేనికి?"

"దేనికైనా."

అక్క నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "రేపు ఉద్యోగంలో ఎవరన్నా నిజంగా ఒక ప్రశ్న అడిగితే ఏం చేస్తావురా నాన్నా?" అంది. ఆ మాట ఎగతాళిగా అని ఉంటే సరిపోయేది. మెల్లగా అంది.

అందుకే, ఈ వ్యాసం వాదనకు విరుద్ధమే అయినా, ఒక తెలివితక్కువ నిర్ణయం తీసుకున్నాను. గడువుకి మిగిలిన రోజుల్లో ఒక్క పనైనా నిజంగా చేసి, ఒక్క వారమైనా నిజం రాయాలనుకున్నాను. సరిగ్గా అప్పుడే నోటుపుస్తకాల కంపెనీలో సరుకు తనిఖీ వచ్చింది.

ఆ కంపెనీకి అంతకుముందు రెండేళ్లు వెళ్లాను. వెళ్లానంటే, వాళ్ల ముందు గదిలో ఫ్యాను కింద కూర్చుని, టీ తాగి, పాత కాగితం చూసి కొత్త కాగితం రాశాను. మా ఆఫీసు శాస్త్రం మొత్తం మూడు మాటల్లో ఉంది: గత సంవత్సరం వలెనే. ఆ ప్రకారం నేను రెండేళ్లూ రాసింది ఇదీ: 'గోడౌన్‌లో కాగితం కట్టలను స్వయంగా లెక్కించాం. రిజిస్టరుతో సరిపోయాయి. సీనియర్ స్టోర్‌కీపర్ గారిని ప్రశ్నించగా సంతృప్తికరంగా సమాధానమిచ్చారు.' కింద నా సంతకం. ఇప్పుడు చదువుకుంటే అసూయగా ఉంటుంది. ఎంత చక్కటి ఉద్యోగిని నేను!

ఈసారి టీ వద్దని నేరుగా గోడౌన్‌కి వెళ్లాను. చెక్క బల్ల దగ్గర ముప్పై అయిదేళ్లావిడ కూర్చుని, రిజిస్టరులో ఏదో రాసుకుంటోంది. చేతులకు అట్టముక్కల దుమ్ము. నన్ను చూసి లేచింది.

"ఎవరు కావాలండీ?"

"ఆడిటర్ ఆఫీసు నుంచి. స్టోర్‌కీపర్ గారిని కలవాలి."

"ఏం కావాలో నన్నడగండి, చెప్తాను."

"కాదండి, సీనియర్ స్టోర్‌కీపర్ గారినే అడగాలి. పద్ధతి." పోయిన ఏడాది కాగితం తీసి చూపించాను. పద్ధతి తెలిసినవాడిలా కనిపించాలని కొంచెం గొంతు కూడా సవరించుకున్నాను.

ఆవిడ కాగితం చదివింది. రెండోసారి ఇంకా నెమ్మదిగా చదివింది.

"సీనియర్ స్టోర్‌కీపర్ అంటే మా నాన్న. పోయి నాలుగేళ్లయిందండీ."

నేను చేరి మూడేళ్లు. రెండుసార్లు ఆయన్ని ప్రశ్నించాను. రెండుసార్లూ ఆయన సంతృప్తికరంగా సమాధానమిచ్చారు. ఒక్క విషయం ఒప్పుకోవాలి: ఈ మూడేళ్లలో నాకు సంతృప్తికరంగా సమాధానం చెప్పింది ఆయనొక్కరే.

ఆవిడే అంది. "వానాకాలం. ఆ సాయంత్రం కట్టల మీద టార్పాలిన్లు కప్పించి, తాళం వేసి ఇంటికొచ్చి పడుకున్నారు." మళ్లీ కాగితం వైపు చూసి, "అంత క్లుప్తంగా ఎప్పుడూ మాట్లాడలేదండీ ఆయన. ఒక్క కట్ట గురించి అడిగితే మిల్లు దగ్గర్నుంచి మొదలుపెట్టేవారు" అని కాగితం నాకు తిరిగిచ్చింది.

సిగ్గుపడ్డవాడు వెంటనే పని చెయ్యాలనుకుంటాడు. లెక్కపెట్టడం మొదలుపెట్టాను. దొంతరలన్నీ ఒకే తీరుగా ఉన్నాయి: నిడివికి అయిదు కట్టలు, వెడల్పుకి అయిదు, ఎత్తుకి ఎనిమిది. అంటే దొంతరకి రెండు వందలు. అలాంటివి నలభై. మొత్తం ఎనిమిది వేలు. రిజిస్టరులో చూస్తే ఏడువేల ఆరువందల ఎనభై!

పాఠకులారా, ఆ క్షణాన నాలో నిద్రపోతున్న ఆడిటరు లేచి కూర్చున్నాడు. మూడు వందల ఇరవై కట్టల తేడా! మోసం పట్టేశాను! సార్ నన్ను నా పేరుతో పిలవడం, గుమాస్తా గారు కుర్చీ చూపించడం, అక్క ఆస్పత్రంతా చెప్పుకోవడం, అన్నీ కళ్ల ముందు కదిలాయి. రిజిస్టరు వేలితో తట్టి, సినిమాల్లో చూసిన గొంతుతో అన్నాను.

"మేడమ్, దీనికేమంటారు?"

"దేనికి?"

"దొంతరకి ఎనిమిది కట్టల చొప్పున తేడా ఉంది."

ఆవిడ నా మొహం చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వాపుకోవడానికని కాసేపటికి గాని అర్థం కాలేదు.

"నిచ్చెనెక్కండి ఆడిటర్ బాబూ."

"ఎందుకు?"

"ఎక్కండి చెప్తాను. ఫైలు కింద పెట్టి ఎక్కండి, పడతారు."

ఎక్కి పైనుంచి చూశాను. దొంతర మధ్యలో ఒక కట్ట వెడల్పున, పైనుంచి నేల దాకా ఖాళీ. బావిలా ఉంది. మొహానికి చల్లగా గాలి తగిలింది.

"నాన్న దాన్ని ఊపిరి అనేవారు" అంది ఆవిడ కిందనుంచి. "మధ్యలో గాలి ఆడకపోతే కాగితానికి చెమ్మ పడుతుంది. బయటినుంచి చూస్తే రెండొందలు. ఉన్నవి నూట తొంభై రెండే. ఎనిమిది కట్టలంత ఊపిరి." తర్వాత మామూలుగానే అడిగింది. "బయటినుంచి లెక్కపెట్టిన ఎవరికైనా మీలాగే తేడా రావాలి కదా? మరి ఇన్నేళ్లూ మీవాళ్లకి సరిగ్గా ఎలా సరిపోయిందండీ?"

అక్క భయపడిన ప్రశ్న అదే. ఉద్యోగంలో చేరకముందే, నిచ్చెన మీద ఉండగా వచ్చింది.

ఆ మధ్యాహ్నం ఆవిడ నాకు పని నేర్పింది. ఎవరూ ఆవిణ్ణి నేర్పమనలేదు. వెనక వరస నుంచి లెక్కపెట్టాలని నేర్పింది. "ముందు వరస మీకోసం సర్దుతాం, వెనక వరస మాకోసం" అంది. అడుగు కట్ట పక్కన అరచెయ్యి ఆనించి చెమ్మ పసిగట్టడం చూపించింది. నేను చెయ్యి ఆనిస్తే, "అలా కాదు, జ్వరం చూసినట్టు చూడండి" అంది. నలభై దొంతరలూ ఎక్కి దిగాను. చివరికి ఏడువేల ఆరువందల ఎనభై వచ్చింది. ఆ అంకె పక్కన పెట్టిన టిక్కు నా జీవితంలో మొదటి టిక్కు.

వెళ్లేముందు, "ఇక్కడ స్టోర్‌కీపర్ మీరే కదా, కాగితంలో మీ పేరు రాస్తాను అక్కా" అన్నాను.

"నేను తాత్కాలిక సహాయకురాలినండీ."

"నాలుగేళ్లుగానా?"

బల్ల సొరుగులోంచి ఒక ఉత్తరం తీసింది. మా ఆఫీసు లెటర్‌హెడ్డు. 'తనిఖీ సమయంలో పూర్తి సహకారం అందించిన మీ సీనియర్ స్టోర్‌కీపర్ గారికి కృతజ్ఞతలు.' ఏటా తనిఖీ అయ్యాక కంపెనీకి పంపేది. "పోస్టు ఇమ్మని అడిగినప్పుడల్లా మేనేజరు గారు ఇది చూపిస్తారు. ఆడిటర్లే రాశారు, స్టోర్‌కీపర్ ఉన్నారు, ఖాళీ ఎక్కడుందమ్మా అంటారు. జోకు అనుకుంటారాయన. మా నాన్నకి థాంక్స్ చెప్పారు కదా అని నేను దాచుకున్నాను."

ఆ ఉత్తరం టైపు చేసింది నేను. స్టేపుల్ పిన్ను కూడా ఎడమ మూలన ఏటవాలుగానే ఉంది.

నేను ఏమీ నేర్చుకోకపోవడం వల్ల నష్టపోయేది నేనొక్కణ్ణే అనుకుని ఈ వ్యాసం మొదలుపెట్టాను. అక్కడ వాదన కొంచెం కుంటుపడింది. క్షమించాలి.

తిరిగొచ్చి జిరాక్సు కట్ట గుమాస్తా గారికి ఇచ్చేసి, ఇంకో కొత్త పుస్తకం కొన్నాను. ఈసారి జ్ఞాపకం ఉన్నది రాశాను. దారంతో ఫైళ్లు కుట్టిన వారాలు, ప్రింటరును బతిమాలిన వారాలు, సార్ కారుకి పార్కింగు జాగా కాపలా కాసిన వారాలు. జ్ఞాపకం రానివాటికి 'ఏమీ నేర్చుకోలేదు' అని రాశాను. ఒక్క వారం దగ్గర మాత్రం, కాగితం దొంతరలో ఊపిరి ఎందుకు వదులుతారో రాసి, 'నేర్పినవారు' అన్నచోట ఆవిడ పేరు రాశాను. తర్వాత కంపెనీకి ఒక ఉత్తరం టైపు చేశాను. మీ సీనియర్ స్టోర్‌కీపర్ గారు నాలుగేళ్ల క్రితమే మరణించారు, అప్పటినుంచి మేము ఆయన్ని ఏమీ అడగలేదు, ఈ ఏడాది సరుకు లెక్క చూపించింది ఆయన కుమార్తె, స్టోరు నడుపుతున్నదీ ఆవిడే అని. దానికి కావలసింది సార్ సంతకం ఒక్కటే.

గుమాస్తా గారు రెండూ చదివారు. ఇరవై ఏళ్లలో ఆయన చదివిన మొదటి కాగితాలు అవేనేమో. కోప్పడతారనుకున్నాను. చుట్టూ చూసి గొంతు తగ్గించారు.

"ఉత్తరం పుస్తకం కింద పెట్టు. సంతకం పెట్టాల్సిన చోట పసుపు చీటీ అంటించు. ఆయన చీటీ చూస్తారు, కాగితం చూడరు. నువ్వు నోరు విప్పకు, అంతే. రెండు పనులూ అయిపోతాయి."

అంతకంటే మంచి సలహా ఆ ఆఫీసులో నాకెవరూ ఇవ్వలేదు.

ఆఖరి రోజు తలుపు రెండుసార్లు తట్టి లోపలికి వెళ్లాను. సార్ ఫోన్లో కారు బ్యాటరీ గురించి ఎవరితోనో వాదిస్తున్నారు. పుస్తకం ముందు పెట్టాను. పసుపు చీటీ దొరికిన ప్రతిచోటా సంతకం పెట్టుకుంటూ పోయారు. 'ఏమీ నేర్చుకోలేదు' అన్న వారాల కిందా పెట్టారు, పార్కింగు జాగా కిందా పెట్టారు. చివరి పేజీలో, చేతికి అలవాటైన మాటలు, 'శిక్షణ సంతృప్తికరం' అని స్వహస్తంతో రాశారు. నా పని అయిపోయింది! పుస్తకం పక్కకి జరిపి, ఉత్తరం మీదికి పెన్ను తెచ్చారు.

"సార్, ఇది ఒక్కసారి చదవండి" అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. నాలుగేళ్లు ఎవరూ చదవకుండా పెట్టిన సంతకాలతో ఒక మనిషి బతికున్నాడు. ఆయన పోయిన సంగతి కూడా అలా చదవకుండానే పెట్టిన సంతకంతో తెలియడం బాగుండదనిపించిందేమో.

ఆయన ఫోను పెట్టేశారు. ఉత్తరం చదివారు. పెన్నుకి మూత పెట్టారు. మూడేళ్లలో మొదటిసారి నా మొహం పూర్తిగా చూశారు.

"ఇది ఎవరు రాయమన్నారు?"

"ఎవరూ రాయమనలేదండి."

"మరి పాత ఏళ్ల మాటేమిటి? అవన్నీ తప్పని మనమే రాసిచ్చినట్టు కాదూ?"

"అవునండి."

"అవునంటావేమిటయ్యా!" కుర్చీలో వెనక్కి వాలి, నిజంగానే బాధగా తల అడ్డంగా ఊపారు. "పాపం, నీకు ఇక్కడ ఎవరూ పని సరిగా నేర్పలేదోయ్."

నేను మూడేళ్లుగా ఆయన నోట వినాలని ఎదురుచూసిన మాట అది. ఇప్పుడన్నారు, నేను మొదటిసారి పని సరిగా చేసినందుకు.

కాబట్టి ఇన్ని పేజీలు చదివిన మీకు నా తుది అభిప్రాయం చెప్పడం న్యాయం. ట్రైనీలకు నేర్పాలి. తప్పకుండా నేర్పాలి, అదీ ఆఫీసులోనే, మొదటి నెల్లోనే నేర్పాలి. నాకు సకాలంలో నేర్పి ఉంటే సార్‌ని ఉత్తరం చదవమని అడిగేవాణ్ణి కాదు. నేర్పకుండా వదిలేస్తే ఇదే ప్రమాదం. ఏదో ఒక మధ్యాహ్నం, ఏదో ఒక గోడౌన్‌లో, బయటివాళ్లెవరో నేర్పేస్తారు.

"ఉంచు, చూద్దాం" అని సార్ ఉత్తరాన్ని ఎడమవైపు ట్రేలో వేశారు. అది జరిగి ఆరు వారాలు. నా పుస్తకం మీద సంతకం ఉంది. ఉత్తరం మీద ఇంకా లేదు.